తడి ముద్ర

ఓష్ బజారులో నా కొట్టు
ఒక ఇనుప పెట్టెలో సగం.
మిగతా సగంలో తాళాలు చేసే ముసలాయన
రోజంతా దగ్గుతుంటాడు.
ఇరవై రెండేళ్ళుగా
వీపుసంచులకు జిప్పులు వేస్తున్నాను.

ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు,
పామీరు దుమ్ము కనుబొమల మీద అలాగే ఉంచుకుని.
కుట్టే ముందు సంచిని బోర్లించి దులపడం నా అలవాటు.
ఊళ్ళు రాలతాయి.
చిరిగిన బస్సు టిక్కెట్టు, ఆప్రికాట్ గింజ,
ఎవరో రాజు ముఖమున్న నాణెం,
ఒకసారి గుప్పెడు ఇసుక.
"సముద్రానిది, పారెయ్యండి" అన్నాడా కుర్రాడు.
పారెయ్యలేదు.
గుండీల డబ్బాలో పోసి మూత పెట్టాను.
అప్పటి నుంచీ
ఎవరి చొక్కాకు గుండీ వెతికినా
వేళ్ళకు గరగర.

ఈ చలికాలం తోల్‌కున్‌తో అన్నాను,
వెళ్దామా?
ఎక్కడికని అడగలేదు తను.
ఎంతవుతుందని అడిగింది.
రొట్టెలు కాల్చి బతికే మనిషి,
పిండి తూచందే నీళ్ళు పొయ్యదు.

అదిగో, అప్పట్నుంచీ రాత్రిళ్ళు మా వంటింట్లో
అప్పుల పద్దు పుస్తకం తిరగేసి
వెనకట్ట వైపు నుంచి దారి రాసుకుంటున్నాం.

మొదటి గీత దోస్తుక్ గేటు.
ఆ మాటకు స్నేహమని అర్థం.
ఆ స్నేహానికి ఎన్నిసార్లు తాళం పడిందో
మా ఊళ్ళో అందరికీ తెలుసు.
అది దాటితే అందిజాన్, తాష్కెంట్, బుఖారా,
నుకుస్ దగ్గర అంతా ఎడారి,
బెయ్నెవులో రైలు మారాలి, చీకట్లో,
తర్వాత అక్తావు.
అక్కడ నీళ్ళు.
"అది సముద్రం కాదు, సరస్సని బళ్ళో చెప్పారుగా"
అంది తోల్‌కున్.
అవతలి గట్టు కనబడుతుందా?
కనబడదట.
అయితే సముద్రమే.

ఓడకు మాత్రం వేళలు లేవు.
లారీలు నిండితే కదులుతుందట,
గాలి లేస్తే ఆగిపోతుందట,
రెండు రోజులో, తొమ్మిది రోజులో!
ఆ గడిలో ఏం రాయాలో తోచక
తోల్‌కున్ "రొట్టెలు" అని రాసింది.

ఆపైన బాకు, తిబిలీసి, బతూమి.
పెన్సిలు బొటనవేలంతైంది.

నిన్న బంగాళాదుంపల కాటా అడిగి తెచ్చి
సంచిని కొక్కేనికి తగిలించాం.
పద్నాలుగు కిలోలు.
తోల్‌కున్ మోకాళ్ళు పదికి మించి ఒప్పుకోవు.
రెండో కోటు తీశాం, జామ్ సీసా తీశాం,
మూకుడు ఎవరు పెట్టారో ఇద్దరికీ తెలీదు.
మా ఆయన ఫొటో తీశాను, పెట్టాను,
మళ్ళీ తీశాను.
బరువని కాదు.
పాపం ఆయనకు బస్సు పడదు.

సరిహద్దులో నోరు తడబడకూడదని
తోల్‌కున్ పోలీసు అయింది.
జల్లెడ బోర్లించి నెత్తిన పెట్టుకుని
కుర్చీ వెనక నిలబడింది.
పేరు?
బురుల్.
వయసు?
పాస్‌పోర్టులో ఉంది చూసుకో.
అలా అంటే లోపల పెడతారే!
యాభై తొమ్మిది.
వృత్తి?
జిప్పులు.
ఎందుకు వెళ్తున్నావు?

దీనికి జవాబు రాసుకోలేదు మేము.
చుట్టాలున్నారంటే అబద్ధం,
చూడ్డానికంటే
ఈ వయసులో ఏం చూస్తావంటాడు.

సంచిలో ఆ డబ్బా ఏమిటి?
ఇసుక.
ఇసుక దేనికి?
ఒకాయన మరిచిపోయాడు,
తిరిగి ఇచ్చెయ్యాలి.
దొంగ సొత్తా?
కాదు, ఉంచిన సొత్తు.

జల్లెడ కింద తన కళ్ళు
ఒక్క క్షణం నిజం పోలీసువే అయ్యాయి.
తర్వాత, పుస్తకం తన వైపు లాక్కుని,
తాగుతున్న టీ గిన్నె ఎత్తి
అడుగు తడితో
టపీమని కొట్టింది పేజీ మీద.

బెయ్నెవు మీదుగా, ఓడ గడి మీదుగా
గుండ్రంగా ఒక మరక.
ఆరాక
"రొట్టెలు" అన్న మాట కొంచెం అలుక్కుపోయింది.
మళ్ళీ రాయలేదు.